తమ్ముణ్ణి మూడుసార్లు ఇంటికి తెచ్చాను, మూడుసార్లూ రాజమండ్రి రేవుకే వెళ్ళిపోయాడు. ఎందుకు?

కొత్తపేట అక్క అడిగిన ప్రశ్న:

మాది కోనసీమ. కొత్తపేట దగ్గర ఒక పల్లెటూళ్ళో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నెల రోజులుగా తటపటాయిస్తున్నాను. ఎవరికి చెప్పుకున్నా "వాడి రాత అంతే, నువ్వేం చేస్తావు" అంటున్నారు. ఆ మాట విని విని విసుగొచ్చింది. నాకు కారణం కావాలి.

నా తమ్ముడికి ఇప్పుడు 39 ఏళ్ళు. కొబ్బరి దింపు తీసేవాడు. పదహారో ఏట చెట్టెక్కడం మొదలుపెట్టాడు. రోజుకు నలభై చెట్లెక్కి దిగిన మనిషి సాయంత్రానికి ఎలా ఉంటాడో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. అరికాళ్ళు, తొడలు, ఛాతీ అంతా గీరుకుపోయి ఉండేవి. అమ్మ నూనె రాసేది. కొందరు తోటల వాళ్ళు కూలితో పాటు ఒక క్వార్టర్ సీసా కూడా చేతిలో పెట్టేవారు, ఒళ్ళు నొప్పులు తగ్గుతాయని. మేమూ దాన్ని మర్యాదే అనుకున్నాం.

2018 వానాకాలంలో తడి చెట్టు మీద నుంచి జారి పడ్డాడు. మడమ నుజ్జయింది, తుంటి విరిగింది. ప్రాణం దక్కింది కానీ ఎడమకాలు ఈడుస్తూ నడుస్తాడు. మళ్ళీ చెట్టెక్కలేదు. ఆపరేషనుకీ, మందులకీ, ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చున్నందుకూ కలిపి లక్షా అరవై వేలు అప్పయింది. కొంత నూటికి అయిదు రూపాయల వడ్డీకి, కొంత డైలీ ఫైనాన్సు. ఆ అప్పు తీర్చడానికి మరదలు ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. పిల్లలిద్దరూ వాళ్ళ అమ్మమ్మ దగ్గర ఉన్నారు. వీడు ఒంటరిగా గోదావరి లంకలో ఉన్న ఇంట్లో ఉండిపోయాడు. తాగుడు అప్పుడే ముదిరింది.

తర్వాత 2022 జూలై వరద. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైనే కిందికి వదిలారు. లంకలో మట్టిగోడల ఇల్లు ఏం నిలుస్తుంది? ట్రంకుపెట్టె దొరికింది కానీ అందులో ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఆపరేషను కాగితాలు, పెళ్ళి ఫొటో, అన్నీ ఒకే ముద్దయిపోయాయి. వంట పనికి మనుషులు కావాలంటే రాజమండ్రి వెళ్ళాడు. అప్పటి నుంచి గోదావరి రేవు మెట్ల మీదే ఉంటున్నాడు.

మొదటిసారి 2023 సంక్రాంతికి తీసుకొచ్చాను. తాగడానికి వెళ్ళకుండా అమ్మ గదికి గొళ్ళెం పెట్టింది. రెండో రోజు రాత్రి ఫిట్స్ వచ్చాయి. నోట్లో స్పూను పెట్టి, చేతిలో తాళాలు పెట్టి నానా హడావిడి చేశాం. ఆరో రోజు గోడ దూకి పోయాడు.

రెండోసారి ఆ ఏడాది కార్తీకంలో. అయ్యప్ప మాల వేసుకుంటానని తనే అన్నాడు. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు. తెల్లవారుజామున నాలుగింటికే కాలవలో స్నానం చేసి శరణుఘోష చెబుతుంటే మా అమ్మ ఏడ్చింది. శబరిమల వెళ్ళొచ్చి మాల తీశాడు. పందొమ్మిదో రోజు కనబడలేదు.

మూడోసారి మొన్న ఉగాది తర్వాత. ఒక ఊళ్ళో తాగుడు మానిపించే పొడి ఇస్తారంటే 1,500 పెట్టి తెచ్చి, వాడికి చెప్పకుండా పప్పులో కలిపాను. ఆ సాయంత్రం ఎక్కడో తాగొచ్చాడు. మొహం ఎర్రగా కందిపోయి, వాంతులై, గుండె దడతో పడిపోయాడు. తేరుకున్నాక సంగతి తెలిసి నా వైపు చూసి, "అక్కా, నువ్వు కూడా నాకు మందు పెట్టావా" అన్నాడు. తెల్లారేసరికి లేడు.

నా ఇంట్లో అన్నం ఉంది, మంచం ఉంది. వాడు తెలివితక్కువ వాడు కాడు, తొమ్మిదో తరగతి వరకు క్లాసులో ఫస్టు. అలాంటివాడు మెట్ల మీదికే ఎందుకు పోతున్నాడు? మా ఆయన ఇక వద్దంటున్నారు. ఇంటర్ చదివే ఆడపిల్ల ఉంది, ఆయన భయం నాకు అర్థమవుతోంది. నేనిప్పుడు ఏం చేయాలి?

నైట్‌డ్యూటీ సిస్టర్:

అక్కా, ముందుగా ఒక మాట. మీరు చేసినవి తప్పులే, కానీ మీ ఒక్కరివే కావు. మా వార్డుకి వచ్చే కుటుంబాల్లో సగం మంది ఇవే చేసి వస్తారు. నేను 22 ఏళ్ళుగా స్టాఫ్ నర్సుని, చివరి ఆరేళ్ళు తాగుడు మానిపించే వార్డులో.

గొళ్ళెం సంగతి చెబుతాను. ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషి మెదడు ఆ మత్తుకి ఎదురు తోస్తూ అలవాటు పడిపోతుంది. మత్తు ఒక్కసారిగా తీసేస్తే ఆ తోపు మాత్రం మిగిలిపోతుంది. ఆరేడు గంటల్లో చేతుల వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి, మీ తమ్ముడికి వచ్చింది అదే. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, చచ్చిపోయినవాళ్ళని పేరు పెట్టి పిలుస్తారు. ఆ దశలో వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. అంటే బాగా ముదిరిన మనిషికి "ఇవాళే మానెయ్" అనడం మంచి మాట కాదు, ప్రమాదం. ఆస్పత్రిలో క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి మాత్రలు ఇచ్చి వారం పది రోజుల్లో మోతాదు తగ్గించుకుంటూ వస్తారు. విటమిన్ బి1 ఇంజక్షన్ ఇస్తారు. నీరసంగా ఉన్నాడని ఊళ్ళో ముందు గ్లూకోజు సీసా ఎక్కించేస్తారు చూడండి, బి1 ఇవ్వకుండా అది చేయకూడదు, మెదడుకి దెబ్బ. ఫిట్స్ వస్తే నోట్లో ఏదీ పెట్టొద్దు, ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి.

మాల వేసుకున్నప్పుడు ఆయనకి ఫిట్స్ రాకపోవడం అదృష్టం. కార్తీకంలో దీక్ష మొదలైన రెండో రోజు, మూడో రోజు నల్లబట్టలతోనే మా దగ్గరికి వచ్చే స్వాములు ఉంటారు.

పొడి గురించి. అలాంటి పొడుల్లో కొన్నిటిలో ఉండేది డైసల్ఫిరామ్ లేదా అలాంటి మందే. అది ఒంట్లో ఉండగా తాగితే మీరు చెప్పినట్టే అవుతుంది, బీపీ పడిపోయి గుండె ఆగిన సందర్భాలూ ఉన్నాయి. మనిషికి చెప్పి, ఒప్పించి, రక్తపరీక్షలు చేసి డాక్టరు రాయాల్సిన మందు. దొంగతనంగా పెట్టేది ఎన్నటికీ కాదు. ఆయన అన్న మాట మిమ్మల్ని పొడుస్తోందని తెలుసు. ఆ పని తప్పని ఆయనకే చెప్పండి. చాలామంది అక్కలు చెప్పరు.

కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ వాళ్ళు దేశమంతా చేసిన సర్వే 2019లో బయటికొచ్చింది. తాగుడుకి పూర్తిగా బానిసైనవాళ్ళలో ఏదో ఒక వైద్యం అందినవాళ్ళు 38 మందిలో ఒక్కరు. ఆస్పత్రిలో చేరినవాళ్ళు 180 మందిలో ఒక్కరు. కాబట్టి "వాడు మానడు" అనే ముందు, వాడికి వైద్యమే అందలేదని గుర్తుపెట్టుకోండి. 14446కి ఫోన్ చేస్తే దగ్గర్లో సెంటరు ఎక్కడుందో చెబుతారు, డబ్బులు పడవు. మనసు బాగోలేకపోతే 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. మీ కోసం కూడా చేసుకోవచ్చు.

ఇంకొకటి, నేను ఎప్పుడూ బయట చెప్పనిది. నేను పనిచేసిన ఒక చోట తోడు ఉండే మనిషి లేకపోతే చేర్చుకునేవాళ్ళు కాదు. రేవులో పడుకునేవాడికి తోడెవరు? ఎలాగో చేర్చుకుని పది రోజులకి మనిషిని చేసి పంపిస్తాం. డిశ్చార్జి కాగితం మీద అడ్రసు గడి ఖాళీగా వదిలేసి సంతకం పెట్టిన రోజులున్నాయి. ఆ గడి ఖాళీగా ఉన్నవాళ్ళు ఎక్కువగా నెలలోపే తిరిగొచ్చేవారు.

పాలకొల్లు వాసి:

నా మాట కఠినంగా ఉంటే క్షమించండి అక్కా. మా నాన్న తాగేవాడు. అమ్మ పుస్తెలు అమ్మాడు, వంటింటి మీది రేకులు కూడా విప్పుకెళ్ళి అమ్మాడు. మా అమ్మ పదకొండేళ్ళు "మారతాడు, మారతాడు" అంటూనే ఆయన కంటే ముందే పోయింది. నేను పదో తరగతి పరీక్షలు పక్కింటి అరుగు మీద చదివి రాశాను. అదే పేదరికం, అదే ఊరు, మా బాబాయి ఒక్క చుక్క తాగలేదు. అందుకని అంతా పరిస్థితుల మీదికి నెట్టేస్తే ఒప్పుకోలేను. మీ ఆయన చెప్పిన మాట వినండి. మీ అమ్మాయి చదువుకునే గదిలో పగలూ రాత్రీ భయం ఉండకూడదు. తమ్ముడికి డబ్బు మాత్రం చేతికివ్వకండి.

చెరువు కాపలా:

అక్కగారూ, నేను మీ తమ్ముడి లాంటివాణ్ణే. అదే రేవులో మూడేళ్ళు పడుకున్నాను. తాగుడు మానేసి నాలుగేళ్ళు దాటింది. ఇప్పుడు భీమవరం అవతల రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉంటున్నాను. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతుంటే పక్కన కూర్చుని ఫోన్లో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

పాలకొల్లు బాబూ, నువ్వు చెప్పింది అబద్ధం కాదు. నేనూ ఒక ఇంట్లో నాన్ననే. నా కొడుకు నాతో ఇప్పటికీ మాట్లాడడు. వాడు మాట్లాడాలని నేను అడగను. కానీ అక్కగారు అడిగింది ఎందుకు పోతున్నాడని. అది నాకు తెలుసు, చెబుతాను.

నేను గోదాట్లో ఇసుక తీసేవాణ్ణి. పడవ మీద నుంచి మునిగి, అడుగున బకెట్టుతో ఇసుక ఎత్తి పైకందించాలి. తెల్లవారుజామున నీళ్ళు కోసేస్తాయి, చెవులు పోటెత్తుతాయి. తాగకుండా మునిగేవాణ్ణి నేను చూడలేదు. 2019లో కొత్త ఇసుక విధానం వచ్చేలోపు నెలల తరబడి పనులాగిపోయాయి. పని పోయింది, తాగుడు మాత్రం పోలేదు.

రేవులో రాత్రి ఎలా ఉంటుందో చెప్పాలి. దోమలు. మార్గశిరంలో రాయి ఐసుగడ్డలా ఉంటుంది. నిద్ర పట్టిందా, చెప్పులు పోతాయి. నావి పదకొండు జతలు పోయాయి. ఫోన్లు మూడు పోయాయి. మూడోది పోయాక ఆధార్‌కి ఇచ్చిన నంబరు కూడా పోయింది, ఇక ఏ కాగితానికి వెళ్ళినా ఓటీపీ అడిగేవారు, అది ఎక్కడికో వెళ్ళేది. తెల్లారేలోపు ఎవరో ఒకరు లాఠీతో తట్టి లేపుతారు, మెట్లు కడగాలి, భక్తులొస్తారు. తాగితే ఇవేవీ తెలియవు. మీకు దుప్పటి ఎలాగో, మాకు క్వార్టర్ అలాగ.

డబ్బు దాచుకునే చోటు ఉండదండి. ఇది ఎవరికీ తట్టదు. పెళ్ళి వంటల్లో గిన్నెలు తోమితే అయిదొందలు వచ్చేవి. ఆ రాత్రి జేబులో పెట్టుకుని పడుకుంటే పొద్దున్నకి ఉండవు. ఎలాగూ పోయేవాటిని మన చేత్తో ఖర్చు పెట్టుకోవడమే నయం అనిపిస్తుంది. పక్కవాడికి లేకపోతే వాడికీ పోయాలి, ఎందుకంటే రేపు నాకు లేనప్పుడు వాడే పోస్తాడు. నాకు జ్వరం వచ్చినప్పుడు మూడు రోజులు ఒక ముసలాయన గుడి ప్రసాదం తెచ్చి నోట్లో పెట్టాడు. నా సొంత అన్న ఆ పని చేయలేదు. మీ తమ్ముడు రేవుకి పోతున్నాడంటే మందు కోసమే పోతున్నాడనుకోకండి. అక్కడ వాడికి మనుషులున్నారు.

పొద్దున్నే కూలీల అడ్డాకి వెళ్దామంటే, రాత్రంతా కునుకు లేదు. గోదాట్లో స్నానం ఎంతసేపు? కానీ పొడి చొక్కా ఉండాలి. చొక్కాలున్న సంచి ఎక్కడ పెట్టి పనికి వెళ్ళాలి? మాసినవాణ్ణి మేస్త్రీ ఎత్తుకోడు. పది గంటలకి అడ్డా ఖాళీ. మళ్ళీ మెట్లే.

ఇల్లూవాకిలీ లేనివాళ్ళ కోసం మున్సిపాలిటీల షెల్టర్లు ఉంటాయి. నేనూ ఒకదానికి వెళ్ళాను. శుభ్రంగానే ఉంది. కానీ నోరు వాసన వస్తే లోపలికి రానివ్వలేదు. వాళ్ళ భయం వాళ్ళది, లోపల ముసలివాళ్ళుంటారు. నాకేమో తాగకపోతే ఒణుకు, తాగితే గడప దాటనివ్వరు. నాలాంటివాడు ఎక్కడికి పోవాలి?

మా చెల్లి కూడా నన్ను ఇంటికి తీసుకెళ్ళింది. మంచి మనసు. కానీ అక్కడ నాకు పని లేదు. అరుగు మీద కూర్చునేవాణ్ణి. దారిన పోయే ప్రతివాడూ దగ్గరికొచ్చి ఏదో అడిగినట్టు అడిగి నా నోరు వాసన చూసి పోయేవాడు. మా బావ ఎప్పుడూ తిట్టలేదు, పర్సు మాత్రం తలగడ కింద పెట్టుకునేవాడు. నేను చూశాను. ఆ తలగడని తలుచుకుని నేను తాగిన రోజులున్నాయి.

ఇప్పుడు మాల సంగతి. నేనూ రెండుసార్లు వేశాను, రెండుసార్లూ ఆగాను. దేవుడి దయ ఉంది, కాదనను. దాంతోపాటు ఏముందో చూడండి. పడుకోవడానికి పీఠం ఉంటుంది. వేళకి భిక్ష ఉంటుంది. తెల్లారి లేస్తే చేయాల్సిన పని ఉంటుంది. చుట్టూ పాతికమంది తాగనివాళ్ళు. నిన్నటిదాకా "ఒరేయ్ తాగుబోతూ" అన్నవాడే చేతులు జోడించి "స్వామీ" అంటాడు. మాల తీసిన రోజునే ఇవన్నీ ఒక్కసారి తీసేస్తారండి. చాప లేదు, భిక్ష లేదు, స్వామి అనే పిలుపు లేదు. నలభై ఒక్క రోజులు మనిషి నిలబడగలడని అందరూ చూశారు. దేని మీద నిలబడ్డాడో మాత్రం ఎవరూ చూడలేదు.

నేను ఎలా మానానంటే, నన్ను ఎవరూ ముందు మానమనలేదు. చెరువు గుత్తకి తీసుకున్న ఒక రైతు రేవుకొచ్చి కాపలాకి మనిషి కావాలన్నాడు. తాగుతానని చెప్పాను. "షెడ్డుంది, మంచముంది, గ్యాసు పొయ్యి ఉంది. రాత్రి రెండింటికి కరెంటు పోతే జనరేటర్ వెంటనే వెయ్యాలి, లేకపోతే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్య తేలిపోద్ది. అది నీ వల్ల అవుద్దా చూస్కో" అన్నాడు. తలుపుకి తాళం, ఆ తాళంచెవి నా మొలతాడుకి. మొదటి రాత్రి నా చెప్పులు మంచం కింద పెట్టి పడుకున్నాను. తెల్లారి చూస్తే ఉన్నాయి. అదేమిటో, వాటిని చూసి చాలాసేపు ఏడ్చాను. నెల తర్వాత ఆ రైతే నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. తర్వాత కూడా రెండుసార్లు జారాను. రెండుసార్లూ ఆయన షెడ్డు తాళం లాక్కోలేదు. లాక్కుని ఉంటే నేనిప్పుడు ఇది రాసేవాణ్ణి కాదు.

ఒకటి అడుగుతాను అక్కగారూ. మీ తమ్ముడి డైలీ ఫైనాన్సు అప్పు తీరిందా? ఊళ్ళో ఉంటే ఫైనాన్సువాడు పొద్దున్నే గుమ్మంలో ఉంటాడు. రేవులో మనల్ని ఎవడూ పట్టుకోలేడు. నేను చెల్లి ఇంటి నుంచి పోయింది అందుకే, ఆమెకి ఇప్పటికీ చెప్పలేదు. పందొమ్మిదో రోజు ఏం జరిగిందో కనుక్కోండి.

లెక్కల మాస్టారు, తణుకు:

పైనాయన చివర అడిగింది చాలా ముఖ్యం. డైలీ ఫైనాన్సు లెక్క ఒకసారి వేసి చూపిస్తాను. పదివేలు అని చెప్పి చేతికి తొమ్మిదివేలు ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పైకి వెయ్యి రూపాయలే వడ్డీలా ఉంటుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతున్నాడు కదా, సగటున అతని చేతిలో ఉన్నది ఆ డబ్బులో సగమే. లెక్క కడితే ఏడాదికి నూటికి 75 రూపాయలు దాటుతుంది. ఒక రోజు కూలి దొరక్కపోతే ఆ వంద కోసం ఇంకో చోట అప్పు. మనిషి ఆలోచన మొత్తం రేపటి వంద చుట్టూనే తిరుగుతుంది, వచ్చే నెల అనేది కనబడదు.

ఇది నేను ఊహించి చెప్పడం లేదు. తమిళనాడులో చెరకు రైతుల మీద చేసిన పరిశోధన 2013లో వచ్చింది. కోతకి ముందు చేతిలో డబ్బు లేనప్పుడూ, కోత తర్వాత డబ్బు వచ్చినప్పుడూ ఆ రైతులకే తెలివికి సంబంధించిన పరీక్షలు పెట్టారు. కోత తర్వాత బాగా చేశారు. మనిషి మారలేదు, చెరకు డబ్బు వచ్చింది, అంతే. చెన్నైలో సైకిల్ రిక్షా తొక్కే 229 మందితో ఇంకో ప్రయోగం జరిగింది. పగటిపూట తాగకుండా వస్తే కొంత డబ్బు ఇస్తామన్నారు, దాచుకోవడానికి రోజువారీ ఖాతా పెట్టారు. తాగకుండా ఉన్నందుకు డబ్బు వచ్చిన వాళ్ళు దాచుకున్నది సుమారు సగానికి సగం పెరిగింది. తాగుడు పేదరికాన్ని పెంచుతుంది, పేదరికం తాగుడుని పెంచుతుంది, రెండూ నిజమే. పాలకొల్లు అబ్బాయి మాటకీ, చెరువు మీద ఉన్నాయన మాటకీ మధ్య నాకు గొడవేమీ కనబడడం లేదు. బాబాయి తాగలేదంటే, ఆయనకి నడుం విరగలేదేమో, ఇల్లు కొట్టుకుపోలేదేమో, అది కూడా చూడాలి.

ఫిన్లాండ్‌లో 2008 నుంచి ప్రభుత్వమే వీధిలో ఉన్నవాళ్ళకి ముందు ఇల్లు ఇస్తోంది. తాగుడు మానాలన్న షరతు లేదు, వైద్యం, పని తర్వాత. అక్కడ వీధిలో ఉండేవాళ్ళ సంఖ్య బాగా తగ్గింది. అంత డబ్బు మనకి లేదంటారు. చెరువు రైతు షెడ్డుకి ఎంత ఖర్చయింది?

అక్కగారికి పనికొచ్చే ముక్కలు రెండు. ఆధార్ నంబరుకి ఫోను మార్చుకోవడానికి ఏ కాగితమూ అక్కర్లేదు, మనిషి ఆధార్ కేంద్రానికి వెళ్తే చాలు. చెట్లెక్కినవాళ్ళకి వేలిముద్రలు అరిగిపోయి పడవు, కంటిపాప స్కాన్ తీయమని గట్టిగా అడగండి. తర్వాత సచివాలయంలో సదరం క్యాంపుకి, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చే చోటుకి, స్లాటు పెట్టించండి. కాలి లోపం 40 శాతం పైన అని తేలితే నెలకి 6,000 పింఛనుకి అర్హత ఉంటుంది. అది చేతికివ్వాలా, బ్యాంకులో ఉంచాలా అన్నది మీరూ మీ తమ్ముడూ కూర్చుని మాట్లాడుకోండి.

కొత్తపేట అక్క:

అందరికీ దండం. ముఖ్యంగా చెరువు అన్నయ్యకి. మీరు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. తలగడ దగ్గర ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. మా ఇంట్లో పర్సు బియ్యం డబ్బాలో ఉండేది. అది పెట్టింది నేనే.

మొన్న మంగళవారం రాజమండ్రి వెళ్ళాను. ఈసారి ఇంటికి రమ్మనలేదు. పక్కన మెట్టు మీద కూర్చున్నాను. అన్నదానంలో పెట్టిన పులిహోర ఇద్దరం తిన్నాం. పొడి కలపడం తప్పని చెప్పాను. ఏమీ అనలేదు, కాసేపు నీళ్ళకేసి చూశాడు. ఆ తర్వాత పందొమ్మిదో రోజు గురించి అడిగాను.

ఆ రోజు వాడు కూతుర్ని చూడడానికి వాళ్ళ అమ్మమ్మగారి ఊరు వెళ్ళాడట. గడ్డం తీసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పిల్లకి కర్జూరాలు కొనుక్కుని వెళ్ళాడు. బడి దగ్గర ఫైనాన్సు కుర్రాడు పట్టుకున్నాడు. పిల్ల ముందే సైకిలూ ఫోనూ లాక్కున్నాడు. "మాల వేస్తే అప్పు తీరిపోద్దా" అన్నాడట. పిల్లకి అప్పుడు పదకొండేళ్ళు. వాడు కర్జూరాలు కూడా ఇవ్వకుండా అటు నుంచి అటే రాజమండ్రి వచ్చేశాడు. రెండేళ్ళుగా నేను "ఎందుకు తాగావురా" అనే అడిగాను, ఆ రోజు ఎక్కడికి వెళ్ళావని ఒక్కసారీ అడగలేదు.

అసలు ఎంత, కట్టింది ఎంత అని నోటుబుక్కులో రాయించాను. ఫైనాన్సువాళ్ళకి ఇంకా ఇరవై రెండు వేలుందట. ఒకేసారి కడితే కొంత తగ్గిస్తారేమో మా ఆయన వెళ్ళి మాట్లాడతానన్నారు. డ్వాక్రా గ్రూపులో నా వంతు వచ్చే నెల ఉంది.

అదే రోజు ఆధార్ కేంద్రానికి కూడా వెళ్ళాం. మాస్టారు చెప్పినట్టే పది వేళ్ళలో ఒక్కటీ పడలేదు. కన్ను పడింది. ఫోను నంబరు నాది పెట్టించాను.

సిస్టర్ చెప్పిన నంబరుకి చేసి మాట్లాడాను. సోమవారం చేర్చడానికి ఒప్పుకున్నారు. పగలు నేను, రాత్రి మా ఆయన తోడుంటాం, ఆయనే అన్నారు. సోమవారం దాకా తాగుడు మానమని వాడికి చెప్పలేదు. చెప్పకుండా ఉండడం నాకెంత కష్టంగా ఉందో రాయలేను.

పాలకొల్లు తమ్ముడూ, నీ మాట కూడా విన్నాను. ఆస్పత్రి నుంచి వాడు మా ఇంటికి రాడు. అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి దగ్గర రాత్రిళ్ళు రాశి కాపలాకి, పొద్దున్న కాయ లెక్కపెట్టడానికి మనిషి కావాలంటే అడిగాను. గోడౌను పక్కన చిన్న గది ఉంది, తలుపుకి గొళ్ళెం లోపలి వైపు కూడా ఉంది. ఆయన ఇంకా సరేననలేదు, తమ్ముణ్ణి చూశాక చెబుతానన్నాడు. ఆయనకి అంతా ఉన్నదున్నట్టు చెప్పాను.

సోమవారం ఆరింటి బస్సు. ఆ మంగళవారం నేను తిరిగి బయల్దేరేటప్పుడు వాడు నన్ను ఒక్కటే అడిగాడు, వార్డులో చెప్పులు బయట విడవాలా అని. రావులపాలెంలో బస్సు దిగి కొత్త జత కొన్నాను, ఒక గుడ్డసంచి కూడా కుట్టాను, పడుకునేటప్పుడు తల దగ్గర పెట్టుకోవడానికి.